వంక దగ్గర ఆగిన జీపు

సర్దార్ గుడ్డతో ఎంత తుడిచినా ముందు అద్దం మీద మళ్లీ తుంపర పట్టేస్తోంది. వైపర్లు రెండింట్లో ఒకటే తిరుగుతుంది, ఆయన దానికే అలవాటు పడిపోయాడు. ప్రొద్దుటూరు బస్టాండు పక్కన బాడుగ జీపు ఆపుకొని, కుడిచేత్తో ఎడమ భుజం పిసుక్కుంటూ కూర్చున్నాడు. జమ్మలమడుగులో ఇల్లు వదిలినప్పటి నుంచీ ఆ నొప్పి ఉంది. ఈ వానలో పోవద్దని భార్య జానీబీ చెప్పింది. ఒప్పుకున్న బాడుగ కదా అని వచ్చేశాడు.

ఫైలును చీర కొంగు కింద దాచుకొని ప్రసూన ఎక్కింది. పులివెందులలో ఒక కాలేజీలో ఆమెకు ఇంటర్వ్యూ. కలప ఇంజనీరింగు చెప్పే ఉద్యోగం. దూలాలూ వాసాలూ ఎంత బరువు మోస్తాయో, ఎప్పుడు విరుగుతాయో, అదే ఆమె చదివిన చదువు. అందరూ సిమెంటు మీద పడ్డాక అలాంటి ఖాళీ ఇన్నేళ్లకు ఒకటి పడింది. గెస్టు లెక్చరరుగానే వయసు దాటిపోతున్న మనిషికి మళ్లీ ఇంకొకటి వస్తుందన్న ఆశ లేదు. ముద్దనూరు చేరేలోపు ఇదంతా ఆమే చెప్పుకుంది. సర్దార్ ఊకొడుతూ విన్నాడు. కువైట్‌లో పరాయివాళ్ల పిల్లలను బడికి తిప్పుతూ నడివయసంతా గడిపినవాడు. భాష రాకముందు నుంచే వాళ్ల కబుర్లు విన్నవాడు.

ముద్దనూరు దాటాక ఇద్దరి ఫోన్లూ ఒక్కసారే సైరనులా మోగాయి. కుండపోత వాన, పిడుగులు, వాగులూ వంకలూ దాటవద్దని హెచ్చరిక. ప్రసూన నొక్కి ఆపేసింది. కాసేపటికి మళ్లీ మోగింది. పడమటంతా నల్లగా కమ్ముకొస్తోంది. చాలాసేపటి నుంచి ఎదురుగా ఒక్క బండీ రాలేదు. సర్దార్ అది గమనించాడు.

రోడ్డు ఏటవాలుగా వంకలోకి దిగేచోట బ్రేకు తొక్కాడు. వంకకు అడ్డంగా రోడ్డుగా వేసిన చప్టా మీద ఎర్రనీళ్లు పారుతున్నాయి. లోతు మోకాలికి మించి ఉండదనిపిస్తుంది. అంచున పాతిన హద్దురాళ్లు మాత్రం కనిపించడం లేదు.

“దాటేద్దాం మామా. ఈ పొద్దు తప్పితే నాకింక లేదు,” అంది ప్రసూన.

“బండి దింపనమ్మా.”

ఆమె బతిమాలింది. తర్వాత కోప్పడింది. పిరికివాడన్న మాట కూడా అనేసింది. సర్దార్ నీళ్లవైపే చూస్తూ ఉండిపోయాడు.

“నేను లారీ క్లీనరుగా ఉండంగ మా డ్రైవరు ఉస్తాదు ఇట్లనే దింపినాడు. పెండ్లికి పొద్దు పోతాందని. నువ్వు దిగురా అని నన్ను దించి, తానొక్కడే పోనిచ్చినాడు. నా కండ్ల ముందరే లారీ పోయింది. ఆయప్ప యాడా దొరకలేదు.”

జానీబీకి కూడా ఎప్పుడూ చెప్పని మాట అది.

జీపు వెనక్కి తీయబోతే ఇంజను ఆగిపోయింది, మళ్లీ స్టార్టు కాలేదు. ప్రసూన ముఖం తిప్పుకుంది. ఆయన వానలోకి దిగి, జీపు ముందర వంగి ఏదో చేసి, ముద్దగా తడిసి వచ్చి కూర్చున్నాడు. ఆయాసపడుతున్నాడు. ఏమైందని ఆమె అడగలేదు.

వంక హోరు పెరిగింది. వేళ్లతో సహా ఊడొచ్చిన తుమ్మచెట్టు ఒకటి చప్టాను రాసుకుంటూ దొర్లిపోయింది. ప్రసూన ఫైలును గుండెకు అదుముకుంది. అప్పుడే కాలేజీ నుంచి ఫోను వచ్చింది.

“వానకు వాయిదా ఏసినారంట మామా. ఇంకో రోజు పెడతారంట. నువ్వే తీసకపోవాల నన్ను.”

సర్దార్ స్టీరింగుకు నుదురు ఆనించి ఉన్నాడు. పిరికివాడన్నందుకు క్షమించమని చెబుతూ ఆమె భుజం తాకింది. ఆయన చెయ్యి జారి ఒడిలో పడింది.

ఆమె కేకలు విని పక్క చేల నుంచి మనుషులు వచ్చారు. ఒకాయన నాడి చూసి తల అడ్డంగా ఊపాడు. సర్దార్‌ను మంచం మీద ఊళ్లోకి మోసుకుపోయారు. జీపుకు ట్రాక్టరు కడుతూ ఓబులయ్య అనే రైతు లోపలికి వంగి చూశాడు.

“హ్యాండ్‌బ్రేకు పట్టనే పట్టదే దీనికి. ఇంత వాలులో ఎట్ల నిలబడిందప్పా?”

ట్రాక్టరు లాగింది. జీపు వెనక్కి కదిలాక, ముందు చక్రం ఉన్నచోట ఒక గుండురాయి మిగిలింది. చక్రం ఒరుసుకున్న మేర నల్లబడి, సగం మట్టిలో దిగి ఉంది. దానికి అవతల అడుగు దూరంలో నీళ్లు పోతున్నాయి.