ఫోన్ ముందు ప్రిస్కిల్లా

గోడ మీద వెలుగు వణుకుతోంది.

అరచేయంత ఎండముక్క. కిటికీలోంచి వచ్చి, స్టీలు గిన్నె మీద పడి, అక్కణ్నుంచి గోడకెక్కింది. నా బిడ్డ దాన్నే చూస్తోంది. పొద్దుట్నుంచీ దాన్నే చూస్తోంది. నేను పిలిచాను. మళ్లీ పిలిచాను.

ప్రిస్కిల్లా... ప్రిస్కిల్లా...

ఆ పేరు ఇంకెవరిదో అన్నట్టు కూర్చుంది.

నాలుగేళ్లు నిండాయి. ఇంతవరకు కన్నతల్లిని నన్ను అవ్వా అని పిలవలేదు. మాటలు రాక కాదు. మాటలు బోలెడు. పాస్టరు గారి ప్రకటనలు, టీవీలో సబ్బుల ముచ్చట్లు, వీధిలో ఉల్లిగడ్డల ఆటో కేక — విన్నది విన్నట్టే అప్పజెబుతుంది. పిలుపు ఒక్కటే లేదు.

కరీంనగర్‌లో పిల్లల డాక్టరు చూసి, ఆటిజమేమో, హైదరాబాద్‌లో పెద్ద డాక్టరమ్మకు చూపించి తేల్చుకోండి అన్నాడు. తేలితేనే ఏం నేర్పాలో తెలుస్తుందట. చిన్నప్పుడే మొదలుపెడితే మేలట. మంచిర్యాలలో రైలెక్కాం. పెద్దపల్లి రాకముందే ఎదురు బండి కూత పెట్టింది. పాప చెవులు మూసుకుంది. కిటికీ కమ్మీకి తల కొట్టుకుంది. ఊపిరాడకుండా ఏడ్చింది. పెట్టెలో అందరూ నన్నే చూశారు. పెద్దపల్లిలో దిగిపోయాం.

అందుకే ఈ ఫోను. ఈ వీడియో. మేం శ్రీరాంపూర్‌లో, బొగ్గుగని కంపెనీ క్వార్టర్లో. డాక్టరమ్మ హైదరాబాద్‌లో.

నెలల తరబడి ఎదురుచూస్తే దొరికిన గంట ఇది.

మా అత్త సాయవ్వకు మాత్రం ఇది పోటీ. ఆమె సండే స్కూలు టీచరు. చర్చిలో పిల్లలకు బైబిలు కంఠత వాక్యాలు నేర్పి నేర్పి జుట్టు నెరిసింది. క్రిస్మస్ నాడు పిల్లలు వేదిక ఎక్కితే, ఆమె కింద ముందు వరసలో కూర్చుని పెదవులు కదుపుతుంది. పిల్ల ఆగిన చోట మాట అందిస్తుంది. ఎవరూ తప్పు పట్టరు. మా సంఘంలో అది ప్రేమ. పోయిన క్రిస్మస్‌కు ప్రిస్కిల్లా పొడుగాటి వాక్యం తప్పు లేకుండా చెప్పి ఈ స్టీలు గిన్నె గెలిచింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకు పాప బల్ల కింద దూరింది. అది మాత్రం ఎవరికీ గుర్తులేదు.

"నా మన్మరాలికి రోగమా? గంత పెద్ద వాక్యం జెప్పిన పిల్లకు రోగమా?" వారం నుంచి అత్తది ఇదే పాట.

"నువ్వు జర ఊకో అవ్వా. డాక్టరమ్మను సూడనియ్యి," అన్నాడు నా భర్త ఫిలిప్, మొదటి షిఫ్టుకు పోతూ. గనిలోకి ఫోను తీసుకుపోనివ్వరు. ఏం తేలినా, పైకి వచ్చేదాకా ఆయనకు తెలియదు.

ఫోను మోగింది.

డాక్టరమ్మది అలసిపోయిన మంచి మొహం. పాపకు అత్త క్రిస్మస్ గౌను తొడిగింది. రెండు జడలు, రిబ్బన్లు. నేను ఫోను పాప వైపు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. అత్త నా వెనక నిలబడింది.

"పాపా, నీ పేరేంటి?"

"నీ పేరేంటి," అంది పాప.

నా చెవి పక్కన గాలి కదిలినట్టు — "ప్రిస్కిల్లా."

"ప్రిస్కిల్లా," అంది పాప.

డాక్టరమ్మ ఫోనులో ఒక బొమ్మ చూపించి, అది ఏం చేస్తోందని అడిగితే... గాలి కదిలింది. పండుకుంది, అంది పాప. అన్నం తిన్నావా అంటే... గాలి కదిలింది. తిన్న, అంది పాప. ఫోను వైపే చూస్తోంది. రెప్ప వేయకుండా చూస్తోంది. నా బిడ్డ మనిషి మొహం చూస్తోంది!

వెనక్కి తిరిగాను. నా భుజం పైన స్టీలు గిన్నె. అత్త దాన్ని మెల్లగా తిప్పుతోంది. ఎండ దాని అంచున తిరుగుతోంది, పాప కళ్లు దాంతోపాటే.

"బాగానే చూస్తోందమ్మా. జవాబులూ చెబుతోంది," అంది డాక్టరమ్మ. "మాట కాస్త ఆలస్యం, అంతే కావచ్చు. ఆరు నెలలు ఆగి మళ్లీ చూద్దాం."

ఆరు నెలలు.

ఎంత తియ్యటి మాట... నాకు ఆశ పుట్టింది. నోరు మూసుకుంటే చాలు. షిఫ్టు దిగి ఫిలిప్ వస్తే, ఏం లేదంట అని చెప్పొచ్చు. ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పొచ్చు. అత్త నా వీపు నిమిరింది, గెలిచి దిగిన పిల్ల వీపు నిమిరినట్టు.

కానీ పాపకు ఐదో ఏడు వస్తుంది. ఆరో ఏడూ వస్తుంది. బడికి పోతుంది. అక్కడ ముందు వరసలో ఎవరు కూర్చుంటారు?



ఫోను తిప్పాను. అత్త వైపు.

అత్త నోరు తెరిచే ఉంది. గిన్నె చేతిలోనే ఉంది.

"నా ఇజ్జత్ దీసినవు గద, మహిమా," అంది. చిన్నగా అంది. అరిచి ఉంటే తట్టుకునేదాన్ని.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఆ గిన్నె పక్కన పెట్టండి పెద్దమ్మా. ఇప్పుడు ఎవ్వరూ ఏమీ అనకండి." మళ్లీ పాపను పేరు అడిగింది. నీ పేరేంటి, అంది పాప. మళ్లీ అడిగింది. నీ పేరేంటి, అంది పాప. అదే గొంతు. అదే సాగదీత. తర్వాత అదీ ఆగిపోయింది. పాప గోడ వైపు తిరిగి, పోయిన వెలుగును వెతుక్కుంది.

"దాహమైతే ఎలా అడుగుతుందమ్మా?"

"అడుగదు మేడం." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నా చెయ్యి వట్టుకొని గుంజుకపోయి బిందె మీద పెడ్తది. నా మొఖం సూడదు. చెయ్యి ఒక్కటే గావాలె."

ఫిలిప్‌కు కూడా చెప్పని మాట అది. అనేశాక ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

"ఇంట్లో మిగతావాళ్లతో?"

అత్త కాదంటుందనుకున్నాను. కొట్లాటకు సిద్ధంగానే ఉన్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా చెయ్యి సుత గట్లనే వట్టుకుంటది, డాక్టరమ్మా."

"ఎప్పట్నుంచి?"

అత్త పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆమెకు అందించడానికి అక్కడ ఎవరూ లేరు.

"నడక నేర్సినప్పటి సంది," అంది.