స్టాంపు అంటించని ఉత్తరాలు

గెతిన్ మీద షోనెడ్‌కున్న కోపాల్లోకెల్లా పాతది ఉత్తరాల గురించి. పొద్దున్నే అతని చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టెను కాస్త గట్టిగా నొక్కిందంటే అది ఆ కోపమే. అతను ఊళ్లో సర్కారు డాక్టరు. ఆమె మాంసం కొట్టు పక్కన గది తీసుకుని నడుములూ మెడలూ సరిచేసే కైరోప్రాక్టరు. గొర్రెల బొచ్చు కత్తిరించే జూన్ వచ్చిందంటే ఆ బ్రెకన్ ఊరి చుట్టుపక్కల పట్టేసిన నడుములన్నీ ముందు ఆమె బల్ల మీదికే వస్తాయి. అతని దగ్గర మూడు వారాలకు గానీ వంతు రాదు మరి. అయితే పెద్దాసుపత్రిలో స్కాన్ తీయించాలంటే ఆమె మాట చెల్లదు, సర్కారు డాక్టరు చెప్పాలి. అందుకే రోగి ఒప్పుకుంటే వాళ్ల డాక్టరుకి ఉత్తరం రాయడం పద్ధతి. ఈ ఊళ్లో ఆ డాక్టరు ఆమె మొగుడే.

"ఒకే ఇంట్లో ఉంటూ పోస్టెందుకే? స్టాంపు దండగ. టిఫిను బల్ల మీద పెట్టు, నేనే పట్టుకెళ్తా" అన్నాడు పెళ్లైన కొత్తలో. ముద్దుగా అన్నాడనుకుంది. పదకొండేళ్లుగా పెడుతూనే ఉంది. ఏ ఉత్తరానికీ జవాబు రాలేదు. అడిగితే "చూశాలే" అనేవాడు. విందుల్లో "మా ఆవిడ విరుస్తుంది, నేను అతికిస్తా" అని జోకేసేవాడు, అందరూ నవ్వేవాళ్లు, ఆమె కూడా నవ్వేది. అత్తగారు మైర్‌వెన్‌దీ అదే పాట: "వాడు అసలు డాక్టరు కదమ్మా, అలిసిపోయి వస్తాడు. నీది కాలక్షేపం పని." పగలంతా నిలబడి భారీ మనుషుల నడుములు పట్టి వచ్చాక, ఆ చేతులతోనే బంగాళదుంపల తోలు తీసి, తన తువ్వాళ్లూ అతని చొక్కాలూ ఉతికి ఆరేసేటప్పుడు, ఆ కాలక్షేపమేదో మోచేతుల దాకా సలిపేది.

మంగళవారం నెస్టా వచ్చింది. గొర్రెల మందతోపాటు పెరిగిన మనిషి, నొప్పంటే లెక్క లేదు. కాలు చచ్చుబడుతోంది, స్కాన్ కావాలని షోనెడ్ ఆమె గురించి రాసి పదిహేను రోజులైంది.

"మీ ఆయన ఏమన్నాడు?" అంది నెస్టా.

"నీకు కబురు రాలేదా?"

"ఏ కబురూ లేదు. చెప్పాలంటే సిగ్గుగా ఉందే... పొద్దున్నుంచీ ఒంటికి పోలేదు. కూచుంటే కింద కుర్చీ ఉందో లేదో కూడా తెలీట్లేదు."

షోనెడ్ చేతులు వెనక్కి తీసుకుంది. నడుం కింది నరాలు నలిగిపోతున్నాయి, ఇప్పుడు ఆ నడుం మీద వేలు వెయ్యకూడదు. ఇవాళే ఆపరేషన్ కాకపోతే ఆ కాళ్లు ఇక నెస్టావి కావు. గెతిన్‌కి ఫోన్ చేసింది.

"షోనెడ్, ఇక్కడ గదినిండా జనం. నడుంనొప్పి ఎవరికుండదు? సాయంత్రం ఇంటికొచ్చాక మాట్లాడదాం."

"అక్కర్లేదు. ఎమర్జెన్సీలో చేర్చడానికి డాక్టరు చీటీతో పనిలేదు. నేను ఆసుపత్రితోనే మాట్లాడుకుంటా."

తన కారు మెకానిక్ దగ్గరుంది. నాలుగడుగుల్లో ఆరోగ్య కేంద్రం బయట గెతిన్ కారుంది, రెండో తాళం ఆమె గుత్తిలోనే ఉంది. నెస్టాను వెనక సీట్లో పడుకోబెట్టి, ఆమె కళ్లు తుడుచుకోడానికి కాగితపు రుమాళ్ల కోసం ముందు అర లాగింది. కవర్లు జారి ఒళ్లో పడ్డాయి. అన్నీ తన రాతే. ఒక్కటీ విప్పలేదు. పైన ఉన్నది నెస్టాది.

ఏడవలేదు. ఆ కవరు మాత్రం విడిగా పెట్టుకుని, మిగతావి తన సంచిలో వేసుకుని బండి తీసింది. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరమ్మ దాన్ని చింపి చదివి, "ఎవరు రాశారండీ ఇది?" అంది.

"నేనే. ఇప్పటి సంగతి నోటితో చెప్తాను, వినండి."

ఆ పిల్ల మొత్తం విని పరుగెత్తింది. చీకటి పడకముందే నెస్టాకు ఆపరేషన్ అయిపోయింది. నాలుగో రోజు కర్ర పట్టుకుని తనంతట తనే పాయిఖానాకు నడిచి వెళ్లొచ్చి, ఆ కబురు ఫోన్ చేసి మరీ చెప్పింది.

ఆదివారం భోజనాల దగ్గర గెతిన్ ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరం చదివాడు. కాగితాల్లో నెస్టా డాక్టరు అతనే కాబట్టి, సకాలంలో పంపినందుకు డాక్టరు గారికి ధన్యవాదాలట.

"మా వాడి చెయ్యి అలాంటిది," అంది మైర్‌వెన్. "కాస్త గ్రేవీ పొయ్యమ్మా."

షోనెడ్ గిన్నె ఆమె ముందు పెట్టింది. "మీరే పోసుకోండి అత్తయ్యా." లోపలికెళ్లి కవర్ల కట్ట తెచ్చి, మాంసం పళ్లెం పక్కన పెట్టింది.

గెతిన్ పై కవరు మీద ఆమె రాత గుర్తుపట్టాడు. "తీరిక దొరకలేదే. ఇప్పుడేం చేస్తావు వీటిని?"

"ఏ రోగి గురించి రాసింది ఆ రోగికే పంపిస్తా. మీ కేంద్రానికి వాళ్లే పట్టుకొస్తారు. ఒకప్పుడు బస్సు నడిపిన ఇద్రిస్ ఇప్పుడు చేతికర్ర పట్టుకుని మరీ వస్తాడు."

"ఊళ్లో నా పరువేం కావాలి?"

"అదీ నేనే ఇస్త్రీ చెయ్యాలా?"

సోమవారం అతని చొక్కా ముడతలతోనే వేలాడుతోంది. పోస్టాఫీసు తలుపు తీసేసరికి షోనెడ్ అందరికంటే ముందు నిలబడి ఉంది.

"ఎన్ని స్టాంపులమ్మా?"

"నలభై మూడు."