శ్రీశైలం అనే మాట

ఆళ్లగడ్డలో లూదియా నడిపే ఇంగ్లీషు క్లాసుకు 2005 వేసవిలో నాగవేణి వచ్చింది. రుద్రవరం అవతల, అడవి అంచున ఉన్న చెంచుగూడెం ఆమెది. ఇంటరు పాసయింది. నంద్యాల బస్టాండు మైకులో బస్సుల పేర్లు చెప్పే పనికి పోతే, కాంట్రాక్టు పట్టిన రమేశ్ ఒక్క మాట విని వెనక్కి పంపేశాడు.

"స్రీసైలం అన్నానంట మేడం. నాకు రెండూ ఒకటే మాదిరి ఇనపడతాండాయి. నెల తర్వాత మళ్లా పరీక్ష పెడ్తాడంట. నేర్పియ్యండి."

లూదియా చెప్పింది, నాగవేణి అన్నది. నాలుగు రోజులు అదే తంతు. చెవికే అందని తేడా నోటికెలా వస్తుంది? కంటికి కనబడితేనో అనుకుంది లూదియా. మాటను బొమ్మగా గీసి చూపే ప్రోగ్రాం ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుందని ఎక్కడో చదివింది. ఆదివారం చర్చి అవగానే నంద్యాల బస్సెక్కింది. ఇంటర్నెట్ సెంటర్లో రెండుసార్లు కరెంటు పోయినా కుర్చీ వదలకుండా కూర్చుని, దాన్ని సీడీలో రాయించుకుని వచ్చింది.

మర్నాడు క్లాసు కంప్యూటర్లో దాన్ని ఎక్కించి, మైకు ముందు తనే మొదట 'సీత' అంది. తెరమీద స చప్పుడు నల్లటి మసకగా పై అంచున నిలిచింది. 'శాంతి' అంటే కిందికి దిగింది.

"చూసినావా? స పైన, శ కింద."

తర్వాత మాదిరి కోసం 'శ్రీశైలం' అంది. రెండో శ కిందే ఉంది. మొదటిది మాత్రం పైన, సీత సరసన కూర్చుంది. మళ్లీ అంది. మళ్లీ అంతే.

"మీది కూడా తప్పేనా మేడం?"

లూదియా చెవులు వేడెక్కాయి. తొమ్మిదేళ్లుగా ఊళ్లో పిల్లలకు ఉచ్చారణ నేర్పుతోంది. కంప్యూటరు ఆపేద్దామా అనిపించింది. ఆపలేదు.

"తప్పే పాపా. ఇద్దరమూ నేర్చుకుందాం పట్టు."

వారానికి లూదియాకు కుదిరింది. నాగవేణికి మసక దిగలేదు. నాలుక వెనక్కి లాగమంటే మాటే ఆగిపోయేది. ఒక పొద్దున రికార్డింగు నడుస్తుండగా, గడప దాటి వచ్చిన కోడిని ఆమె "ఉష్! ఉష్!" అని అదిలించింది. తెర చూసి లూదియా కుర్చీలోంచి లేచింది.

"కిందికి దిగిందే! మళ్లా అను."

"కోడి పాయె కదా మేడం."

"పోతే పోనీ, నువ్వు అను!"

జొన్నచేలో పిట్టల్ని తోలిన నాటినుంచీ, శకు దగ్గరి ఆ చప్పుడు ఆమె నోట్లోనే ఉంది. దానికే 'రీ' తగిలించారు. ముందు 'ఉష్రీ', ఆపైన ఉ మింగేసి 'శ్రీ'. రోజుకు వందసార్లు. పదిహేను రోజులకు నాగవేణి తెరవైపు చూడకుండానే "ఇది చెడింది, మళ్లా అంటా" అనసాగింది.

నెల తిరిగాక ఇద్దరూ నంద్యాల వెళ్లారు.

"పని ఇంకొకరికి ఇచ్చేసినామ్మా" అన్నాడు రమేశ్.

"ఇచ్చినా ఇయ్యకపోయినా, పెడ్తానన్న పరీక్ష పెట్టన్నా." నాగవేణి కదల్లేదు.

చివరికి మైకు ఇచ్చాడు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం పోయే బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద ఉందని ఆమె చెప్పింది. సంచులెత్తుకుని జనం అటు నడిచారు. రమేశ్ తల గోక్కున్నాడు.

"ఆదివారాలు వస్తావా?"

"వస్తా. తక్కిన రోజులు ఖాళీ అయితే అవీ నాకే ఇయ్యాల."

మర్నాడు లూదియా క్లాసులో నిలబడి, ఇన్నేళ్లూ తను తప్పు పలికానని దాచకుండా చెప్పింది. 'స్రింక్' అని తను నేర్పిన ఇంగ్లీషు మాటను 'ష్రింక్' అని దిద్ది బోర్డు మీద రాసింది. ముందు బల్ల మీది జెస్సీ నవ్వలేదు.

"మా మాటల బొమ్మ కూడా చూపించండి మేడం."

లూదియా మైకు ఆమె వైపు జరిపింది.