సంతకం అసలుదే

ఇంటిల్లిపాదీ తిన్న గిన్నెలు తోమి బోర్లించాక, అత్తగారు ఒక గ్లాసు వెలుతురుకి పెట్టి చూసి, జిడ్డు వదల్లేదని మళ్ళీ కోడలి చేతికిచ్చింది. ఆమె మళ్ళీ తోమింది. మంచం పట్టిన అమ్మని ఒకసారి చూసొస్తానంటే, వచ్చే వారం చూద్దాంలే అన్నాడు భర్త. ఆరు నెలలుగా ప్రతి వారం అంటున్న మాటే. పైగా, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి ఈ నీరసమేమిటన్నాడు.

ఆ కుర్చీలో ఆమె చేసే పని, తమ కంపెనీ ఆస్పత్రులకిచ్చిన లైనక్స్ కంప్యూటర్లకు అప్‌డేట్లు క్షేమంగా చేరుతున్నాయో లేదో చూడటం. నాలుగు నెలలుగా చేరడం లేదని కిందటి వారం ఆమే కనిపెట్టింది. మధ్యలో ఉన్న సర్వర్‌ని ఎవరో చేజిక్కించుకుని రోజూ అదే పాత అప్‌డేట్ల జాబితా పంపుతున్నారు. దాని మీది కంపెనీ డిజిటల్ సంతకం అసలుదే కాబట్టి కంప్యూటర్లు నమ్మేశాయి. కొత్తవేమీ లేవు, అంతా బాగానే ఉందని చెబుతూ వచ్చాయి. వాటిలోని భద్రతా లోపాన్ని సరిచేసే అప్‌డేటు ఎప్పుడో తయారైంది, వాటి దాకా రానేలేదు. జాబితాకి గడువు తేదీ పెడదాం, తేదీ దాటితే కంప్యూటరు దాన్ని నమ్మదు అని ఇవాళ మీటింగులో ఆమె చెప్పింది. అప్పుడు ఆస్పత్రులన్నిటిలో తెరల మీద ఎర్ర హెచ్చరికలు వస్తాయి, సంజాయిషీ ఎవరు చెప్పుకుంటారని పైఅధికారి విసుక్కున్నాడు.

"సంతకం సరిగ్గానే ఉందిగా మేడమ్. ఇంట్లో ఏమన్నా గొడవా?"

గదిలో అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు సాయంత్రం దాకా నోట్లో చేదుగా ఉండిపోయింది.

బస్‌స్టాపులో నిలబడి ఉండగా ఫోను మోగింది. రోజూ ఆ వేళకి అమ్మ ఒకటే అడుగుతుంది, ఈమె ఒకటే చెబుతుంది, బాగున్నానమ్మా అని. పెళ్ళైన వారానికి మొదటిసారి చెప్పినప్పుడు అది నిజం. గొంతు కూతురిదే కాబట్టి అమ్మ పందొమ్మిదేళ్ళుగా నమ్ముతూ వచ్చింది. ఈ ఫోను ఇంకెన్నాళ్ళు మోగుతుందో తెలియదు. అమ్మని ఆ పాత మాటతోనే సాగనంపాలా అనుకుంటూ ఆమె ఫోను ఎత్తింది.

"బాగున్నావా చిట్టీ?"

"లేనమ్మా. చాలా ఏళ్ళుగా లేను."

ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. పక్కగదిలో నాన్న ఉన్నాడేమో, ఆమె ఎప్పుడూ వినని సన్నటి గొంతుతో అమ్మ అంది.

"నేనూ అంతేనే. నీ పెళ్ళికి ముందే చెప్పాల్సింది."