ఒక్క మాట వినకుండా చూసిన సీరియల్

మా గదిలో టీవీ నాది. శుక్రవారం మధ్యాహ్నం ఏం చూడాలో నేనే చెబుతాను. బహ్రెయిన్‌లో నయీమ్ పేటలోని ఈ గదికి వచ్చిన మొదటి వారమే ఆ సంగతి తేల్చేశాను.

ఆ శుక్రవారం నాతోపాటు గదిలో ఉండే ముత్తన్న కొరియా సీరియల్ చివరి భాగం పెట్టమన్నాడు. గుర్రాలు, కత్తులు, భాగానికి పదిమంది చావు. మీనా సల్మాన్ రేవు దగ్గర నేను పనిచేసే వడ్రంగి షాపులో బంగ్లా భాయ్‌లు, నాకు క్షవరం చేసే పాకిస్తానీ, అందరూ దాన్నే చూస్తున్నారు. అది హిందీలో మాట్లాడుతుంది.

గదిలో మూడోవాడు సాయిబాబు. అమలాపురం వైపు మనిషి. ఆఫీసులో టీలు అందిస్తాడు, ఇంగ్లీషు చదవగలడు. వాడి అక్క సత్యదుర్గ ఒక బహ్రెయినీ ఇంట్లో పని చేస్తుంది. శుక్రవారం సగం రోజు సెలవు. తమ్ముణ్ణి చూడటానికి వచ్చి మాకు కూర వండిపెడుతుంది. సరిగ్గా నాలుగింటికి ఆ ఇంటి డ్రైవరు వీధి చివర హారన్ కొడతాడు.

ఉల్లిపాయలు తరుగుతూ ఆమె అంది: "బాబాయ్ గారూ, ఇవాళ నాకో సీరియల్ పెడతారా? రెండే భాగాలండి."

పేరు తెలియదంది. బొమ్మలు చూపిస్తే గుర్తుపట్టింది. లండన్ వాళ్ళు తీసింది. అందులో ముఖ్య పాత్ర వేసిన ఆవిడ మలేషియా మనిషి. యాభై ఏళ్ళుంటాయి. తలకి ప్లాస్టిక్ టోపీ, వెనక చేపల ఫ్యాక్టరీ. కింద రాసింది సాయిబాబు చదివాడు. నెలాఖరుకి యాప్‌లోంచి తీసేస్తున్నారు. నెలాఖరు మర్నాడే.

"ఎందుకు తీసేస్తున్నరట?" అన్నాడు ముత్తన్న.

"ఎవరూ చూడట్లేదు కదా మరి."

"ఎవ్వడు జూడంది మనమెందుకు జూసుడు? గదీ ఆసియావోళ్ళదే, గిదీ ఆసియావోళ్ళదే. దాన్ని గల్ఫు మొత్తం జూస్తున్నది. ప్లాస్టిక్ టోపీలు నేను సైటు మీద రోజూ జూస్త. సెలవు నాడు గూడనా?"

"మీరు పెట్టుకునేదీ ప్లాస్టిక్ టోపీయేగా అన్నయ్యగారూ," అంది సత్యదుర్గ. "మరి వదిన మీకు వీడియో కాల్ ఎందుకు చేస్తుందంటారు?"

"ఆమెకు వేరే చానల్ లేదు గద."

సత్యదుర్గ ఫోను పాతది, మాట్లాడటానికే పనికొస్తుంది. అందుకే నా టీవీ కావాల్సి వచ్చింది. ఇంట్లో మేడం ఎనిమిది భాగాలు చూసి, విసుగొచ్చి గుర్రాల సీరియల్‌కి మారిపోయిందట. ఆ ఎనిమిదీ సత్యదుర్గ పక్కగదిలో ఇస్త్రీ చేస్తూ అద్దం తలుపులోంచి చూసింది.

"పిల్లాడు నిద్దర లేస్తాడని మేడం చెవులకి పెట్టుకుని చూస్తుందండి. నాకు ఒక్క మాట వినపడలేదు."

"మాట ఇనకుంట నీకేం సమజైంది బిడ్డా?" అన్నాను.

"అంతా అయిందండి. చివరికి చెబుతుందా, చెప్పదా, అదొక్కటే తెలియాలి."

కూర కలుపుతూ చెప్పింది. ఫ్యాక్టరీలో ఒకడికి మిషనులో పడి చెయ్యి పోతుంది. మూత తీసి ఉంచాడని వాడి మీదే తప్పు వేసి పంపేస్తారు. మూత తీసింది వాడు కాదు, ఈవిడ. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

"ఎవ్వరికీ తెల్వంది నీకెట్ల తెలిసింది?"

"ఆ మిషను పక్కనుంచి ఎలా నడుస్తుందో చూడండి. ముందు చూసేది. ఇప్పుడు అటే చూడదు. ఇంటికొచ్చి క్యారేజీ కడుగుతుంది, మళ్ళీ కడుగుతుంది. చెయ్యి పోయినోడు దాని తమ్ముడండి. వాడి గుమ్మంలో అన్నం పెట్టి, తలుపు కొట్టకుండా వచ్చేస్తుంది."

కథలు వినే ఓపిక నాకు లేదు. నా భార్య శోభారాణి ఏదైనా మొదలుపెడితే 'చివరికి ఏమైందో చెప్పు' అనేవాణ్ణి. ఆమె పోయి ఆరేళ్ళు. సత్యదుర్గ చెప్పింది నేను నమ్మలేదు. సొంతంగా అల్లుకుందనుకున్నాను. అది తప్పని తేల్చడానికే తొమ్మిదో భాగం పెట్టాను. అప్పటికి రెండుంపావు.

మొదట జరిగిన కథ చూపించారు. కింద వచ్చే ఇంగ్లీషు సాయిబాబు చదివి చెప్పాడు. ఆమె చెప్పిందంతా నిజమే. ఒక్కటే తప్పు. చెయ్యి పోయినవాడు తమ్ముడు కాదు. పోలండు వాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

"తమ్ముడు కాదా," అంది సత్యదుర్గ. "అయితే చెప్పకపోయినా దాన్ని అడిగేవాళ్ళుండరు. బతికేయొచ్చు."

ముప్పై ఏళ్ళుగా చెక్క పని చేస్తున్నాను. పని తెలిసిన చెయ్యి చూడగానే తెలుస్తుంది. ఆ నటి కత్తి వైపు చూడకుండా చేప కోసింది. ఎన్ని నెలలు నేర్చుకుందో. భోజనాల వేళ అందరూ నవ్వుతుంటే ఒకే ముద్ద నములుతూ కూర్చుంది. నిమిషం దాటినా మింగలేదు. కన్నీళ్ళు లేవు, సంగీతం లేదు. అంత పని చేసిన మనిషిని లోకం పట్టించుకోలేదు. ఈ సీరియల్‌కి పోస్టర్లు లేవు, హిందీ గొంతు లేదు, క్షవరం షాపులో దాని ఊసు లేదు. గుర్రాల సీరియల్‌లో రాజుని చూస్తాం. ఇందులో పక్కన నిలబడి పనిచేసేవాణ్ణి చూడాలి. వాణ్ణి మేము పనిలోనే చూడం. ఆ తప్పు సీరియల్‌ది కాదు.

"ఏం నడుస్తలేదు ప్రసాదన్నా," అన్నాడు ముత్తన్న.

నోరు మూసుకొమ్మన్నాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. పావుగంటకి ఇటు తిరిగి ఏమైందని అడిగాడు. చెప్పలేదు.

పదో భాగం చివర ఆవిడ మేనేజరు గది తలుపు తీసింది. బయట హారన్ మోగింది.

"కూసో," అన్నాను.

"కుదరదండి. ఆలస్యమైతే మేడం శుక్రవారం సెలవు తీసేస్తుంది."

రెండో హారన్. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. కళ్ళు టీవీ మీదే ఉన్నాయి. ఆపి ఉంచినా లాభం లేదు. వచ్చే శుక్రవారానికి అది ఉండదు.

"మీరు చూసి చెప్పండి బాబాయ్ గారూ. సాయిబాబుకి వదిలేస్తే ఒక్క ముక్కలో ఖలాస్ చేస్తాడు. మీరు తప్పులు వెతికే మనిషి. బాగా చూస్తారు."

వెళ్ళిపోయింది. నేను టీవీకి దగ్గరగా జరిగి కూర్చున్నాను.

మర్నాడు మధ్యాహ్నం షాపులో అన్నం తింటుంటే ఫోను చేసింది. పిల్లాడు పడుకున్నాడు, అయిదు నిమిషాలుందంది.

"చెప్పిందా?"

ఒక్క మాట చాలు జవాబుకి. నా నోట అది రాలేదు.

"ఆయన కుర్చీ చూపిచ్చిండు," అన్నాను. "ఆమె కూసోలేదు."

"ఊఁ."

"ముందుగాల తన పేరు చెప్పింది. పదకొండేండ్ల సంది ఆడ పనిచేస్తున్నా ఆయనకు పేరు తెల్వదు. ఆయన కాయితం మీద రాసుకునేదాక ఆగింది. తప్పు రాస్తే దిద్దిచ్చింది. అప్పుడు చెప్పింది, మూత తీసింది నేనేనని."



"ఏడ్చిందా?"

"లేదు. సామాను ఏడున్నదో చెప్పినట్టు చెప్పింది."

"ఇంకోసారి చెప్పండి బాబాయ్ గారూ. కుర్చీ దగ్గర్నించి."

షాపు లోపల్నుంచి ఎవరో యల్లా, పనికి రా అని కేకేశారు. నేను అన్నం డబ్బా పక్కన పెట్టి, గోడవైపు తిరిగి, కుర్చీ దగ్గర్నించి మొదలుపెట్టాను.