ఊచల వెనక నీడ

చెట్టు నాటింది పంక్చర్ల తాత భార్య. ట్యూబుకి చిల్లెక్కడుందో చూడ్డానికి తాత పొద్దున నింపుకున్న తొట్టిని, సాయంత్రం ఆవిడే చెట్టు మొదట్లో కుమ్మరించేది. వీధి మొత్తానికి నీడ అదొక్కటే. తాత కూచునేదీ అక్కడే. ఆవిడ పోయిన మర్నాడు తాత ఏడవలేదు. నీళ్ళు పోశాడు.

ఎండలు ముదిరాక నగరాన్ని చల్లబరుస్తామంటూ కార్పొరేషన్ వాళ్ళు దిగారు. గోడలకి తీగలు పాకించారు. చెట్టు చుట్టూ ఇనప కంచె బిగించి, లోపల రాతి బల్ల వేసి, పచ్చదనాన్ని కాపాడమని బోర్డు పెట్టి, గేటుకి తాళం వేశారు.

"మరి నేనెక్కడ కూచోను?" అన్నాడు తాత.

"ఎదురుగా బోలెడు జాగా," అన్నాడు సూపర్‌వైజరు.

జాగా బోలెడే. ఎండ అంతకన్నా బోలెడు. పానా పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. తాత తలమీద గోనెపట్టా కప్పుకుని పని చేసుకున్నాడు. ఇంట్లో చెప్పుకునేందుకు మనిషి లేదు, బయట చెప్పుకునే అలవాటు లేదు.

నీళ్ళ ట్యాంకరు ప్రారంభం రోజున వచ్చి ఫొటోలు దిగి వెళ్ళింది. మళ్ళీ మొహం చూపించలేదు. తీగలు మాడిపోయాయి. చెట్టు ఆకు రాల్చడం మొదలుపెట్టింది.

సూపర్‌వైజరు నవ్వుకుంటూ వచ్చాడు.

"తాతా, తొట్టి నీళ్ళు ఎలాగూ పారబోస్తావుగా. కాస్త ఆ మొదట్లో పొయ్యి. పైవాళ్ళు చూడ్డానికొస్తున్నారు."

"తాళం?"

"తాళమెందుకు, ఊచల సందులోంచి పోసెయ్."

"నేను పట్టని సందులో నా నీళ్ళు పడతాయా?"

నవ్వు ఎటు పోయిందో అతనూ అటే పోయాడు.

మధ్యాహ్నం మరదలు క్యారేజీ తెచ్చింది. రాలిన ఆకులు చూసి తొట్టి మీద చెయ్యి వేసింది.

"అక్క చేత్తో నాటింది బావా. వాళ్ళ మీద కోపం దీని మీదా?"

"చెట్టు మీ అక్కది. నీడ వాళ్ళది. విడదీసి పొయ్యగలిగితే పొయ్యి."

"నువ్వు పట్టించుకోకపోతే అది చస్తుంది."

"మీ అక్క చావలేదా?"

మరదలు తొట్టి మీంచి చెయ్యి తీసేసింది.

సాయంత్రం తాత తొట్టి ఎత్తాడు. కాళ్ళు అలవాటు కొద్దీ కంచె దాకా తీసుకెళ్ళాయి. లోపల బల్ల మీద ఎండుటాకులు తప్ప ఎవరూ లేరు. కాసేపు నిలబడ్డాడు. వెనక్కి వచ్చి, తను కూచునే చోట తారు మీద కుమ్మరించాడు.

ఆవిరి మొహానికి కొట్టింది. తడి చూస్తుండగానే ఆరిపోయింది. తాత అక్కడే, చెట్టు వైపు వీపు తిప్పి కూచున్నాడు.