మూడో జవాబు

ముందే ఒప్పేసుకుంటాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. ఈ కథలో హిందూ మహాసముద్రం ఉంది, నీటిగుర్రాలున్నాయి, జూలూల గడ్డి ఇళ్లున్నాయి. కథలో అమ్మాయి మాత్రం వాటిలో ఒక్కదాని దగ్గరికీ వెళ్లదు. వర్జీనియాలో హెర్న్‌డన్ అనే ఊళ్లో, రెండో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో, సోఫా మీదే ఉంటుంది.

ఆ అమ్మాయి పేరు స్రవంతి. ముప్పై నిండలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్ వన్ వీసా. ఆరు నెలలుందామని ఏప్రిల్‌లో వచ్చిన అమ్మానాన్నల్ని జూన్‌లో దక్షిణాఫ్రికా తీసుకెళ్దామన్న ఆలోచన ఆమెదే. అందరూ తల్లిదండ్రులకి నయాగరా చూపిస్తారు. వాళ్ల నాన్నకి పైనుంచి పడే నీళ్లమీద మోజు లేదు, చేపలున్న నీళ్లు కావాలి. హనుమయ్యగారు బందరులో ఫిషరీస్ డిపార్ట్‌మెంట్‌లో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యారు. డర్బన్ తీరానికి అక్కడి చలికాలంలో కవళ్ళనే సార్డీన్ చేపలు మందలు మందలుగా వస్తాయనీ, జనం బుట్టలతో, బకెట్లతో, ఆఖరికి విప్పిన చొక్కాలతో నీళ్లలోకి దిగి ఆ చేపల్ని పట్టుకుంటారనీ ఆయన ఎప్పుడో చదివారు.

“అదొక్కటి చూస్తే చాలే, ఇంక పోయినా ఫర్లేదు” అనేవారు.

“మీరక్కడ పోతే నన్ను ఇంటికి ఎవరు తీసుకొస్తారు? ఇక్కడికొచ్చాక పోదురుగాని” అనేవారు వాళ్లమ్మ లలితగారు.

స్రవంతి స్ప్రెడ్‌షీట్ వేసింది. తొమ్మిది రోజులు, రోజుకో ట్యాబ్. బీచ్‌లు, సెయింట్ లూసియాలో పడవ, జూలూల పల్లె, అన్నింటికీ వ్యాన్ నడుపుతూ చూపించడానికి నొముసా అనే గైడు.

ఇంకా ఐదు రోజుల్లో ప్రయాణమనగా, పొద్దున ఆరుంబావుకి ఆఫీసు నుంచి మీటింగ్‌కి రమ్మని మెయిల్ వచ్చింది. పదిహేను నిమిషాల మీటింగ్ తొమ్మిదో నిమిషానికే అయిపోయింది. ల్యాప్‌టాప్ దానంతటదే లాకైపోయింది. స్రవంతి లేచి వంటింట్లోకెళ్లి, అమ్మ సగం తరిగి వదిలేసిన బీరకాయలో మిగతా సగం తరిగింది. ఏడుపు రాలేదు. భయమూ వేయలేదు. డెంటిస్టు ఇంజెక్షన్ ఇచ్చాక పెదవి ఉందో లేదో తెలియదు చూడండి, ఒళ్లంతా అలా ఉంది.

ఉద్యోగం పోయిన హెచ్ వన్ మనిషికి అమెరికా అరవై రోజులు గడువిస్తుంది. ఈలోగా ఇంకో కంపెనీ దొరకాలి. దొరక్కముందు దేశం దాటితే మళ్లీ లోపలికి రావడానికి చేతిలో ఏమీ ఉండదు. అంటే డర్బన్ ఆమెకి మూసుకుపోయింది.

“ప్రొడక్షన్‌లో పెద్ద ఇష్యూ వచ్చిందమ్మా. లీవ్ క్యాన్సిల్ చేశారు. మీరిద్దరూ వెళ్లండి” అంది.

“నువ్వు లేకుండా మేమేం ఊరేగుతామే?”

“నొముసా ఉంటుందిగా. అంతా బుక్ చేసేశాను. ఇప్పుడు మీరూ మానేస్తే నాకు గిల్టీగా ఉంటుంది.”

ఇందులో ఆఖరి మాట కూడా అబద్ధమే. ఆమెకి గిల్టీగా కూడా లేదు.

ఇక్కడొక కాగితం గురించి చెప్పాలి. అమెరికా వచ్చే తల్లిదండ్రులకి తెలుగు పిల్లలు పచ్చళ్ల లిస్టుతో పాటు ఇమిగ్రేషన్ ఆఫీసర్ అడిగే ప్రశ్నలూ, వాటి జవాబులూ పంపిస్తారు. స్రవంతి ఏప్రిల్‌లో ఆరు పంపింది. హనుమయ్యగారు వాటిని సర్వీస్ రూల్స్ బట్టీ పట్టినట్టు పట్టి, హైదరాబాద్ నుంచి డల్లెస్ ఎయిర్‌పోర్ట్ దాకా విమానంలో అప్పజెబుతూనే వచ్చారు. మూడో ప్రశ్న, మీ అమ్మాయి ఏం చేస్తుంది? డర్బన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అడుగుతారని ఆ కాగితం చొక్కా జేబులో పెట్టుకుని మరీ బయల్దేరారు. వాళ్లని ఎయిర్‌పోర్ట్‌లో దింపి వెనక్కొస్తుంటే, రెడ్ లైట్ దగ్గర స్రవంతికి వెలిగింది. పదిరోజుల తర్వాత నాన్న ఆఫీసర్ ముందు నిలబడి, నిజమే చెబుతున్నాననుకుంటూ అబద్ధం చెబుతారు. అబద్ధం తనది, నాలుక ఆయనది. ఫోన్ చేసి చెప్పేద్దామనుకుంది. గ్రీన్ లైట్ పడింది.

తర్వాత వీడియోలు మొదలయ్యాయి. ఉమ్‌హ్లాంగా బీచ్‌లో లలితగారు పాదాలు తడవకుండా సముద్రం చూశారు. హోటల్ బాల్కనీలోకి బూడిదరంగు కోతులొచ్చి గోంగూర పచ్చడి పాకెట్టు ఎత్తుకెళ్లాయి. “ఆ కారానికి రేపు మళ్లీ రావులే” అని హనుమయ్యగారు ధైర్యం చెప్పారు. మర్నాడు వచ్చి ఆవకాయ తీసుకెళ్లాయి. సెయింట్ లూసియాలో నీటిగుర్రాలు ఒకదానిమీద ఒకటి తలలు ఆనించుకుని నిద్రపోతున్నాయి. “మన రిటైర్డ్ ఎంప్లాయీస్ అసోసియేషన్ మీటింగ్‌లా లేదూ?” అన్నారాయన. కవళ్ళు మాత్రం ఇంకా రాలేదు. నీళ్లు చల్లబడలేదట.

స్రవంతి అన్నింటికీ బొటనవేలు బొమ్మ పెట్టింది. రోజుకి ఏడెనిమిది ఉద్యోగాలకి అప్లై చేసింది. రాత్రి ఏం తిన్నదో పొద్దున గుర్తుండేది కాదు.

ఆరో రోజు జూలూల పల్లె. అక్కడ మధ్యాహ్నం మూడు, హెర్న్‌డన్‌లో ఉదయం తొమ్మిది. లలితగారు వీడియో కాల్ చేసి ఫోన్ అటు తిప్పారు. ముళ్లకంప కంచె. లోపల మధ్యలో పశువుల దొడ్డి, దాని చుట్టూ గంపలు బోర్లించినట్టు గడ్డి ఇళ్లు. ఇంకో బస్సువాళ్లతో కలిపి ముప్పైమంది గేటు బయటే ఆగిపోయి ఉన్నారు.

“ఇంటికొచ్చినవాళ్లు చొరవగా లోపలికి దూరిపోకూడదటే. గేటు దగ్గర నిలబడి మేం ఫలానావాళ్లం, ఇందుకొచ్చాం అని గట్టిగా చెప్పాలట. లోపలివాళ్లు సరేనంటేనే అడుగు పెట్టాలి. గుంపులో పెద్దాయన చెప్పాలట. మీ నాన్నే పెద్ద!” లలితగారి గొంతులో ఎన్నికల్లో గెలిచినంత సంబరం.

గేటు లోపల ఆవుతోలు డాలు పట్టుకుని ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. జూలూలో ఏదో అడిగాడు. నొముసా ఇంగ్లీషులో చెప్పింది: మీరెవరు? ఎవరి మనుషులు? ఎందుకొచ్చారు?

అడ్డంగా గేటు, ఎదురుగా అధికారం ఉన్న మనిషి, వరసగా ప్రశ్నలు. హనుమయ్యగారు తెలియకుండానే అటెన్షన్‌లోకి వచ్చేశారు.

“మై నేమ్ ఈజ్ హనుమయ్య సర్. రిటైర్డ్ గవర్నమెంట్ ఆఫీసర్. పర్పస్, టూరిజం. మై డాటర్ ఈజ్ సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, ఫుల్ టైమ్ ఎంప్లాయ్‌మెంట్. ఐ హావ్ రిటర్న్ టికెట్. ఐ యామ్ నాట్ క్యారీయింగ్ ఎనీ పికిల్స్.”

ఆ చివరిది కోతుల దయవల్ల నిజం.

ముప్పైమందీ నవ్వారు. “ఏవండీ, ఇది ఇమిగ్రేషన్ కాదండీ” అని లలితగారు ఆయన మోచెయ్యి గిల్లారు. గేటుమనిషికి మాత్రం ముచ్చటేసినట్టుంది, ఇంకోటి అడిగాడు. “ఆ అమ్మాయి ఏదీ అంటున్నారు” అంది నొముసా.

“హియర్, హియర్!” అంటూ లలితగారు ఫోన్ గేటు మీదికి ఎత్తారు. స్రవంతి తెర నిండా ఆ గేటుమనిషి ముసలి మొహం, ఆ వెనకాల ఆవులు. ఆయన నవ్వడం లేదు. జవాబు కోసం చూస్తున్నాడు. ఊరికే చెయ్యి ఊపితే సరిపోయేది.

“నాన్నా, మూడో జవాబు తప్పు” అంది స్రవంతి.

“ఏం, సీనియర్ అన్నానుగా?”

“అన్నారు. అసలు ఉద్యోగమే లేదు నాన్నా. పోయింది. మీరు బయల్దేరడానికి ఐదు రోజుల ముందే.”

తెలుగులో అంది కాబట్టి ముప్పైమందీ ఇంకా నవ్వుతూనే ఉన్నారు. ఫోన్ కిందికి దిగింది. కాసేపు ఇసుక, నాన్న చెప్పులు. తర్వాత ఆయన గొంతు వినపడింది, ఫైల్లో తప్పు దొర్లితే సవరణ పంపే ఆఫీసరు గొంతు.

“సర్. వన్ కరెక్షన్. మై డాటర్ హాజ్ నో జాబ్ నౌ. సారీ సర్.”

నవ్వులు ఆగాయి. నొముసా ఆ మాట జూలూలో చెప్పింది. గేటుమనిషి నెమ్మదిగా ఏదో అన్నాడు.

“ఉద్యోగం సంగతి మేమడగలేదు బాబా అంటున్నారు” అంది నొముసా. వాళ్లలో పెద్దవాళ్లని బాబా అంటారు. “ఎవరి మనుషులని అడిగాం, అది చెప్పనేలేదు. మీ ఇంటిపేరు?”

“కొక్కిలిగడ్డ” అన్నారు హనుమయ్యగారు.

గేటుమనిషి దాన్ని రెండుసార్లు తప్పుగా, మూడోసారి ఇంచుమించు సరిగ్గా పలికి, గేటు కర్ర తీశాడు. జనం కదిలారు. సిగ్నల్ పోయింది.

ఐదు గంటలు ఫోన్ మోగలేదు. స్రవంతి బట్టలు మడతపెట్టింది. మడతపెట్టినవే మళ్లీ విప్పి మడతపెట్టింది.

రెండు గంటలకి మోగింది. నాన్న.

“ఎందుకు చెప్పలేదని అడగను. అక్కడ ఆఫీసరుకి ఏం చెప్పాలో అది చెప్పు.”

“నిజం చెప్పండి. వెతుక్కుంటోందని చెప్పండి.”

“వెనక్కి పంపించేస్తారా?”

“పంపొచ్చు నాన్నా. మామూలుగా పంపరు. కానీ పంపొచ్చు.”

“మా మాటవల్ల నీకేమన్నా ఇబ్బందా?”

“లేదు.”

“అయితే వస్తున్నాం. రానిస్తే నీ దగ్గర, లేదంటే బందరు. అరవై రోజుల గడువని నెట్‌లో చూశాను. ఇంకా నలభై ఏడు రోజులున్నాయా?”

“నలభై తొమ్మిది.”

“మరి! కవళ్ళే ఇంకా రాలేదు. అన్నీ అనుకున్న రోజుకి వస్తాయా?” అని ఫోన్ లలితగారికి ఇచ్చేశారు.

లలితగారు అప్పటికే ఒక విడత ఏడ్చి ముక్కు చీదుకుని ఉన్నారు. కూతురి మొహాన్ని తెరమీద అటూ ఇటూ వెతికారు.

“ఏడవట్లేదేమే?”

“రావట్లేదమ్మా.”

“ఇన్ని రోజులూ రాలేదా?”

“ఊహూఁ.”

లలితగారు ఫోన్ దగ్గరికి జరుపుకున్నారు. “సరే. రానప్పుడు బలవంతంగా ఎందుకు? మేమొచ్చాక ఏడుద్దువుగాని. అప్పటిదాకా పోయి అన్నం పెట్టుకో, నేను చూస్తుంటాను.”

స్రవంతి ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, కుక్కర్‌లో బియ్యం పోసింది. ఏమీ అనిపించలేదు. నీళ్లు సరిగ్గా పోశావా అంటే, పోశానంది.

మీలో ఎవరికైనా ఉద్యోగం పోతే, ఇంట్లో చెప్పడానికి ఎన్ని రోజులు పట్టింది? ఏ మాటతో మొదలుపెట్టారు? అవతలివాళ్లు మొట్టమొదట ఏమన్నారు? నాకు రాయండి. స్రవంతికి తన పద్ధతి ఒక్కటే తెలుసు, అదేమో ముప్పైమంది ముందు అయింది. ఇంతకంటే నెమ్మదైన దారి మీలో ఎవరికో తెలిసే ఉంటుంది.